కంపెనీ రోజుల్లో మనవాళ్లు పడ్డ కష్టం మన పాఠాల్లోకి రావాలి: ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో సాంఘికశాస్త్రం పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, వాటి సంపాదకులకు, పాత ప్రభుత్వ రికార్డులను భద్రపరిచే అధికారులకు,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈస్టిండియా కంపెనీ పాలనలో తెలుగు జిల్లాల్లో ఏం జరిగిందో పాఠాల్లో చేర్చాలని, అందుకు ఆధారమైన రికార్డులను తెలుగులోకి తేవాలని కోరుతూ మేం కొందరు టీచర్లం కలిసి ఒక అర్జీ పెట్టుకున్నాం. దాన్ని తగు చర్య నిమిత్తం కింది కార్యాలయానికి పంపామని జవాబొచ్చింది. కింది కార్యాలయం నుంచి ఏ కబురూ రాలేదు. గుర్తు చేస్తూ మళ్లీ రాసినా ఫలితం లేకపోయింది. అందుకే ఈ మాటలు నలుగురి ముందు పెడుతున్నాను. మీ మీద గౌరవం తగ్గి కాదు, ఇక ఎదురుచూడలేక.

పుస్తకంలో పేజీలు పరిమితమని, సిలబస్ ఇప్పటికే బరువైందని మీరు అంటారు. నిజమే. కానీ మా క్లాసుల్లో కంపెనీ అంటే ప్లాసీ, క్లైవ్, 1770 బెంగాల్ కరువు, డల్హౌసీ, 1857. ఇవన్నీ ఎక్కడో జరిగిన కథలుగానే పిల్లల బుర్రలోకి ఎక్కుతున్నాయి. కంపెనీ ఓడ మచిలీపట్నం వచ్చింది 1611లో, అంటే ప్లాసీకి దాదాపు నూటయాభై ఏళ్ల ముందు. 1766 నుంచి 1858 దాకా, తొంభై ఏళ్లకు పైగా, కోస్తా జిల్లాలు ఆ వ్యాపార సంస్థ చేతిలో ఉన్నాయి. ప్లాసీ యుద్ధం ఎప్పుడంటే టక్కున చెప్పే పిల్లలు, 1833లో సొంత జిల్లాలో ఏం జరిగిందని అడిగితే తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు.

మేం చెప్పదలచుకున్న విషయాలు ఇవి.

1. మన నేల చేతులు మారిన తీరు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా జిల్లాలకు, కంపెనీ ఫర్మానా తెచ్చుకుంది. మరుసటి ఏడాది హైదరాబాదులో నిజాం అలీతో ఒప్పందం చేసుకుంది. ఏటా 9 లక్షల రూపాయలు కట్టేలా, సైనిక సాయం చేసేలా మాట ఇచ్చి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులను పుచ్చుకుంది. గుంటూరు 1788లో వాళ్ల చేతికి వచ్చింది. 1794 జులైలో పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచారు. ఆ పోరు మూలం కూడా పేష్కష్, అంటే ఏటా కట్టే కప్పం, బకాయిల తగాదానే.

ఇది కోస్తా సంగతి కదా, తెలంగాణకు సంబంధం ఏమిటనే వాళ్లుంటారు. సంబంధం ఉంది. కంపెనీ తన సైన్యాన్ని నిజాం ఖర్చు మీద హైదరాబాదులో నిలబెట్టింది. ఆ ఖర్చు కిందే 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు దత్తమండలాలుగా కంపెనీకి పోయాయి. అటుపైన పామర్ కంపెనీ అనే ప్రైవేటు వడ్డీవ్యాపార సంస్థ నిజాం సర్కారుకు నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పులిచ్చింది. ఆ అప్పు తీర్చడానికి 1823లో ఉత్తర సర్కారుల మీద రావలసిన పేష్కష్‌ను నిజాం శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. హైదరాబాదులో పెరిగిన వడ్డీకి మచిలీపట్నం వైపు హక్కు చెల్లు. ఈ లావాదేవీల్లో ఒక్కచోట కూడా ఆ భూములు దున్నే రైతును ఎవరూ ఒక మాట అడగలేదు.

2. శిస్తు. ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) పెట్టారు. సొంత జమీందారులు లేని హవేలీ భూములను ముఠాలు అనే ఎస్టేట్లుగా విడగొట్టి వేలం వేశారు. కట్టాల్సిన మొత్తం మారదు, వాన కురిసినా కురవకపోయినా. కట్టలేని జమీందారు ఎస్టేటు వేలానికి పోయేది. వేలంలో కొన్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి రైతు మీద పడేవాడు.

దత్తమండలాల్లో థామస్ మన్రో సర్వే చేయించి రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతి తెచ్చారు. మన్రో మీద రాయలసీమలో ఇప్పటికీ అభిమానం ఉంది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ మన్రో గారి లెక్క ప్రకారమే శిస్తు మొత్తం పంటలో నూటికి 45 వంతులు. అది మోయలేని భారమని, పాతిక శాతం తగ్గించాలని 1807లో ఆయనే పైవాళ్లకు రాశారు. పైవాళ్లు వినలేదు. గ్రామాలను కౌలుకు ఇచ్చే పద్ధతికి మళ్లారు. ఆ తగ్గింపు చాలా ఏళ్ల తర్వాత, ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకనే సాధ్యమైంది. ఈ మధ్యలో అప్పుల పాలై ఊళ్లు వదిలిపోయిన రైతుల సంగతి ఏ పాఠంలోనూ లేదు. దొర మంచివాడా చెడ్డవాడా అన్న దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. ఒక మంచి దొర అడిగితేనే ఇన్నేళ్లు పట్టిన తగ్గింపు, ఒక మామూలు రైతు అడిగితే ఎన్నాళ్లకు వచ్చేదో పిల్లలు ఆలోచించేలా పాఠం ఉండాలి.

3. మగ్గం. ఇంజరం, నీలపల్లి, మాధవాయపాలెం, మచిలీపట్నం, విశాఖపట్నం. ఈ ఊళ్లలో కంపెనీ ఫ్యాక్టరీలుండేవి. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, బట్ట కొని ఓడకెక్కించే గిడ్డంగి, దాని చుట్టూ కచేరీ. నేతగాడికి ముందుగా బయానా ఇచ్చేవారు. అది పుచ్చుకున్నాక నేసిన బట్ట కంపెనీకే ఇవ్వాలి. ఎక్కువ ధర ఇస్తానన్న డచ్చివాడికో, పరాసువాడికో (ఫ్రెంచివాడికో) అమ్ముకోకూడదు. నాణ్యత తేల్చేది, ధర కట్టేది కంపెనీ మనిషే. బట్ట ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టేవారు, వాడి బత్తెం కూడా నేతగాడే భరించాలి. 1813లో కంపెనీ గుత్తహక్కు పోయింది, 1833లో వ్యాపారమే మానేసింది. అప్పటికి మాంచెస్టర్ మిల్లు బట్ట వచ్చిపడింది. అంతదాకా కంపెనీకి తప్ప ఎవరికీ అమ్మకూడదన్న నేతగాళ్ల బట్ట ఇక కంపెనీకీ అక్కర్లేకపోయింది. బేరం పోయినా చేతివృత్తుల మీద వేసిన మొహతర్ఫా పన్ను మాత్రం పోలేదు.

4. ఉప్పు. 1805లో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) అంతటా ఉప్పు కంపెనీ గుత్తకిందికి వెళ్లింది. సముద్రం పక్కన పుట్టి, ఉప్పు మడిలో పనిచేసే మనిషి తన ఇంటికి కావలసిన ఉప్పు కూడా కంపెనీ కట్టిన ధరకే కొనుక్కోవాలి. 1930 ఉప్పు సత్యాగ్రహం పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క వాక్యం చేర్చినా, పిల్లలకు ఆ ఉద్యమం ఎందుకొచ్చిందో సులువుగా అర్థమవుతుంది.

5. నందన నామ సంవత్సరపు కరువు. 1832-33. మా జిల్లాలో దాన్నే డొక్కల కరువు అన్నారు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

వానలు వెనకపట్టాయి. గింజ దొరకలేదు. అప్పటి అంచనాల ప్రకారం గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనం ఉంటే అందులో దాదాపు 2 లక్షల మంది పోయారు. ఐదుగురిలో ఇద్దరు. తిండి కోసం ఇళ్లు వదిలి మద్రాసు దారి పట్టినవాళ్లలో చాలామంది ఆ దారిలోనే పడిపోయారు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది అప్పటి దొరల సిద్ధాంతం. బయటి నుంచి ధాన్యం తెప్పించడానికి, ధరలు అదుపు చేయడానికి తటపటాయించారు. గంజి కేంద్రాలు, కూలిపనులు పెట్టకపోలేదు కానీ ఆ పాటికి ఊళ్లు ఖాళీ అయ్యాయి.

అంతకన్నా బాధ కలిగించే విషయం, జిల్లా పక్కనే కృష్ణ ప్రవహిస్తూ ఉండటం. నీళ్లు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న ఆలోచన అప్పటికే కొత్తది కాదు. కానీ విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. జిల్లా చేతికొచ్చిన 1788 నుంచి లెక్కేస్తే అరవై ఏడేళ్లు కంపెనీ శిస్తు వసూలు చేసుకుంది తప్ప ఆ పని చేయలేదు.

ఇప్పుడు ఇంకొక లెక్క చూడండి. అదే 1833 ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు కంపెనీకి కొత్త చార్టర్ చట్టం ఇచ్చింది. కంపెనీ ఇక వ్యాపారం చేయకూడదు, కానీ దాని వాటాదారులకు ఏటా నూటికి పదిన్నర చొప్పున డివిడెండు దక్కాలని ఆ చట్టం పూచీపడింది. 60 లక్షల పౌన్ల మూలధనం మీద ఏడాదికి 6 లక్షల 30 వేల పౌన్లు. ఆ సొమ్ము ఎక్కడి నుంచి? హిందూదేశపు పన్నుల నుంచి. అంటే బతికి బట్టకట్టిన గుంటూరు రైతు శిస్తులో కొంత, లండన్‌లో కూర్చున్న వాటాదారుకు చట్టప్రకారం రాసిపెట్టి ఉంది. 1858లో కంపెనీ పాలన పోయాక కూడా ఆ చెల్లింపు ఆగలేదు. 1874లో కంపెనీ రద్దయ్యేదాకా నడిచింది. కరువులో రైతుకు వాన పూచీ లేదు, గింజ పూచీ లేదు. వాటాదారుకు మాత్రం నలభై ఏళ్ల పూచీ ఉంది. 1833 చార్టర్ చట్టం మన పుస్తకాల్లో ఉంది, బెంగాల్ గవర్నర్ జనరల్‌ను ఇండియా గవర్నర్ జనరల్‌ను చేసిన చట్టంగా. మార్కుల కోసం పిల్లలు దాన్ని బట్టీ పడతారు. దాని పక్కన గుంటూరు కరువును పెట్టి చెప్పకపోతే ఆ చట్టం వాళ్లకు ఏం అర్థమైనట్టు?

కరువు తర్వాత ఎన్నో ఏళ్లు జిల్లా కోలుకోలేదు. జమీందారీలు బకాయిల్లో కూరుకుపోయాయి. చివరికి 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారిని విచారణకు పంపారు. జనం ఎందుకు చనిపోయారన్నది కాదు, శిస్తు ఎందుకు పడిపోయిందన్నదే ఆ విచారణకు కదలిక తెచ్చింది.

6. కచేరీలో కొట్టి వసూలు చేయడం. ఇది నేను ఆవేశంలో అంటున్న మాట కాదు. కంపెనీ ప్రభుత్వం తానే వేసిన కమిషన్ 1855లో ఇచ్చిన నివేదికలో ఉంది. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు అందులో సభ్యులు. ఈ ఇలియట్ వేరే వ్యక్తి. మద్రాసు రాజధాని నలుమూలల నుంచి, తెలుగు జిల్లాల నుంచి కూడా, రెండు వేలకు దగ్గరగా ఫిర్యాదులు అందాయి. కొన్ని ఉత్తరాలు, కొన్ని మనుషులు స్వయంగా వచ్చి చెప్పుకున్నవి.

శిస్తు బాకీ పడిన రైతును ఏం చేసేవారో ఆ నివేదిక జాబితా రాసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వంచి నిలబెట్టడం, వీపు మీద రాయి ఎత్తడం. తలను వంచి కాళ్లకు తాడుతో బిగించి కట్టడం. కిట్టి అనే చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం. అన్నానికి, బహిర్భూమికి వెళ్లనివ్వకపోవడం. ఇద్దరు బాకీదారుల జుట్లు ముడివేయడం. జుట్టును గాడిద తోకకో దున్నపోతు తోకకో కట్టడం. మెడలో ఎముకల దండ వేయడం. పశువులను మేతకు పోనివ్వకుండా ఇంట్లో పెట్టి తాళం వేయడం. రెండు మూడు రూపాయల బాకీకి కూడా.

మరి ఎందుకు చెప్పుకోలేదు ఇన్నాళ్లు? దానికీ కమిషన్ జవాబు రాసింది. కలెక్టరు కచేరీ దూరం. వెళ్తే పని చెడుతుంది, ఖర్చవుతుంది. అన్నీ భరించి అర్జీ పెట్టినా అది విచారణ కోసం తిరిగి తహసీల్దారు దగ్గరికే వస్తుంది. కొట్టించినవాడే విచారించేవాడు.

ఒక నిజం దాచకూడదు. కొట్టిన చేతులు మనవాళ్లవి. తహసీల్దారు, మునసబు, బంట్రోతు అందరూ ఇక్కడి మనుషులే. ఆ వంకతో కమిషన్ ఆంగ్ల అధికారులను తప్పించి నేరమంతా వాళ్ల నెత్తిన పెట్టింది. ఆ కట్టలేని మొత్తాన్ని కోరింది ఎవరు, వసూలు ఎలా అయిందని అడగకుండా ఖజానాకు జమ వేసుకున్నది ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ రెండు సంగతులూ పిల్లలకు చెప్పాలి. మన తప్పు దాచి పరాయివాడి తప్పే చెబితే అది చరిత్ర కాదు.

ఆ కమిషన్ ఊరికే రాలేదు. మద్రాసులో నీలిమందు, బట్టల వ్యాపారం చేసిన తెలుగువారు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో క్రెసెంట్ అనే పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, కచేరీల్లో సాగుతున్న హింస గురించి పార్లమెంటుకు విన్నపం పంపారు. మరుసటి ఏడాది డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వస్తే ఆయన్ను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి బాధితులను చూపించారు. సీమూర్ వెళ్లి సభలో గొంతెత్తాక 1854లో కమిషన్ పడింది. తుపాకీ పట్టకుండా, కాయితం, ఓపిక పట్టుకుని ఒక సామ్రాజ్యాన్ని ఒప్పించిన మనిషి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ఈ రోజు ప్రతి పిల్లవాడికీ తెలుసు, తెలియాలి కూడా. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీసి, ఆ తలను ఏళ్ల తరబడి వేలాడదీసి ఉంచినవాళ్ల గురించి తెలియాలి. అదే వరసలో లక్ష్మీనరసు చెట్టి కూడా తెలియాలి.

కాటన్ దొర మాటేమిటని అడుగుతారని తెలుసు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు తక్కువ. ఆ దండలు వేసేవాళ్లను నేను ఒక్క మాట అనను. ధవళేశ్వరం ఆనకట్ట లక్షల కడుపులు నింపింది. కానీ ఆనకట్ట పని మొదలైంది 1847లో, కంపెనీ వచ్చిన ఎనభై ఏళ్లకు. ఆ లోపల ఏం జరిగిందో కూడా ఆ పాఠంలోనే ఉండాలి. కంపెనీ లెక్కల ప్రకారమే 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనం 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. కాటన్ కూడా శిస్తు ఎంత పెరుగుతుందో అంకెలు వేసి చూపితేనే పైవాళ్లు సరే అన్నారు.

ఇక మా కోరికలు.

1. ఎనిమిదో తరగతిలో గానీ పదో తరగతిలో గానీ కంపెనీ పాలనలో తెలుగు జిల్లాల మీద ఒక పూర్తి పాఠం ఉండాలి. 1832-33 కరువు, 1833 చార్టర్ చట్టం, 1855 నివేదిక అందులో ఒకదాని పక్కన ఒకటి రావాలి. పేజీలు చాలవంటే, మరాఠా యుద్ధాల తేదీలు కొన్ని తగ్గించండి.

2. 1855 నివేదికలో తెలుగు జిల్లాలకు సంబంధించిన వాంగ్మూలాలను, ఉత్తరాలను తెలుగులోకి అనువదించి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టాలి. తెలుగులో మొరపెట్టుకున్న రైతుల మాటలు ఈ రోజు ఇంగ్లీషులో తప్ప దొరకడం లేదు.

3. కంపెనీ కాలపు జిల్లా రికార్డుల సంపుటాలను స్కాన్ చేసి, ఊరి పేరుతో వెతికేలా సూచిక తయారు చేయాలి. పరిశోధకుడి లెటర్‌హెడ్ లేని మామూలు మనిషి కూడా తన ఊరి కాగితం చూడగలగాలి. కొన్ని కట్టలు ముట్టుకుంటే పొడి రాలే స్థితిలో ఉన్నాయి. ఇది వాయిదా వేసే పని కాదు.

4. గుంటూరు నగరంలో ఆ కరువు మృతులకు ఒక స్మారకం కట్టాలి. పెద్ద ఖర్చు అడగడం లేదు. ఏ సంవత్సరం, ఎంతమంది, ఎందుకు అని తెలుగులో చెక్కిన రాయి ఒకటి చాలు.

5. మచిలీపట్నం, కోరంగి, ఇంజరం వంటి చోట్ల పాత కంపెనీ కట్టడాల దగ్గర పర్యాటకుల కోసం బోర్డులు పెట్టేటప్పుడు, అక్కడ ఎవరు బంగ్లా కట్టారో రాసినట్టే, ఆ చుట్టుపక్కల నేతగాళ్ల పరిస్థితి కూడా రాయాలి.

6. ఈ పాఠాల రూపకల్పన కమిటీలో ప్రొఫెసర్లతో పాటు పని చేస్తున్న ఇద్దరు ముగ్గురు హైస్కూలు టీచర్లను, ఒక చేనేత కుటుంబం మనిషిని, ఒక రైతును కూర్చోబెట్టాలి. రెండు రాష్ట్రాలూ కలిసి చేస్తే మరీ మంచిది. రికార్డులు రాష్ట్రాలను బట్టి విడిపోలేదు.

వచ్చే విద్యా సంవత్సరపు పుస్తకాలు ప్రెస్సుకు వెళ్లేలోగా వీటిలో ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తెలియజేయండి. దీన్ని మళ్లీ కింది కార్యాలయానికి పంపవద్దని ప్రత్యేకంగా మనవి. జవాబు రాని పక్షంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తాం, జిల్లా జిల్లాకూ టీచర్ల సంతకాలు సేకరించి శాసనసభ్యుల చేతికి అందిస్తాం. అనువాదం పనికి డబ్బు లేదంటే చెప్పండి. ఇంగ్లీషు, తెలుగు రెండూ బాగా వచ్చిన రిటైర్డ్ టీచర్లం చాలామందిమి ఉన్నాం. కాగితాలు చేతికిస్తే పని ఉచితంగా చేసిపెడతాం.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, తోటి టీచర్ల తరఫున